సాంచాలు ఆగిన సెప్టెంబరు

1994 సెప్టెంబరు ఆఖరి ఆదివారం తెల్లవారుజామున మా చిన్నాయన కొడుకు వనస్థలిపురంలో మా ఇంటి గేటు బయట నిలబడి ఉన్నాడు. చేతిలో రేకు పెట్టె, ముక్కు మీదుగా కట్టుకున్న దస్తీ. సూరత్‌లో సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసేవాడు. అక్కడ ప్లేగు పుట్టిందన్న వార్త విని రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, చౌటుప్పల్ అవతల మా ఊరికి పోతే పొలిమేరలోనే ఆపేశారట.

"అన్నా, ఊళ్లకు రానిస్తలేరు" అన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "పిల్లలున్నరు గదా, నేనీడనే ఉంట" అని మెట్ల కిందే కూర్చున్నాడు.

మేడ మీద గది ఖాళీ చేసి అక్కడ ఉంచాం. వాడి కంచం, చెంబు వేరు. డాక్టరు టెట్రాసైక్లిన్ రాశాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో మూడు మందుల షాపులు తిరిగినా ఆ గొట్టం మాత్రలు లేవు, నాలుగో చోట దొరికాయి. జబ్బు లేనివాళ్లు కూడా కొని దాచుకున్నారు మరి. ఇరుగుపొరుగు మా వైపు కిటికీలు మూసేశారు. ఈనాటికీ వాళ్లను తప్పుపట్టను. మా నాయనమ్మ బతికి ఉంటే 'గత్తర' అని ఒక్క మాట అని, గడపకు వేపమండలు కట్టేది. భయం కొత్తది కాదు.

కొత్తది వేరే ఉంది. పనామా చౌరస్తా దగ్గర టీ కొట్టులో ఒకాయన నన్ను ఆపి, "సార్, మీరు సైన్సు చెప్తరు గదా. ఇది ఊరికే వచ్చిన రోగం కాదట, పక్క దేశపోళ్లు కావాలని వదిలిన పురుగట, నిజమేనా?" అని అడిగాడు. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేవాణ్ని. ఎలుక, దాని ఒంటి మీది చిన్న పురుగు, ఆ పురుగు పొట్టలో బాక్టీరియా, ఇవన్నీ బోర్డు మీద బొమ్మలు గీసి చూపగలను. ఆ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. నిజమో కాదో తేల్చే చోటు ఒకటి లోకంలో ఉందా అన్న ప్రశ్న అప్పుడు పుట్టింది నాకు. రిటైరైన ఈ ఇన్నేళ్లలో చదివినదాంట్లో సగం దాని వెంటే.

ఆ పుకారును వట్టి పిచ్చి అని కొట్టేయలేం. 1940 అక్టోబరులో జపాన్ సైన్యం చైనాలోని నింగ్బో పట్టణం మీద విమానం నుంచి ప్లేగు సోకిన పురుగులను ధాన్యంతో కలిపి చల్లింది. హార్బిన్ దగ్గర పింగ్‌ఫాన్‌లో 731వ దళం అనే పేరుతో ఆ పని కోసమే పెద్ద స్థావరం నడిపింది. అప్పటికే 1925 నాటి జెనీవా ప్రోటోకాల్ ఉంది. అది యుద్ధంలో రోగక్రిములను వాడవద్దంది, తయారుచేయవద్దని అనలేదు. జపాన్ సంతకం చేసింది గానీ అప్పటికి ఆమోదముద్ర వేయలేదు.

తయారీని, దాచుకోవడాన్ని కూడా నిషేధించిన జీవాయుధాల ఒప్పందం 1972 ఏప్రిల్ 10న సంతకాలకు తెరుచుకుంది. మన దేశం 1973 జనవరిలో సంతకం చేసి, 1974 జూలై 15న ఆమోదించింది. పోఖ్రాన్‌లో అణుపరీక్ష జరిగి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. ఆ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి నేను చాలాసేపు ఆలోచించాను. అణ్వస్త్రం విషయంలో తలుపు తెరిచి ఉంచుకున్న దేశం, రోగాన్ని ఆయుధం చేయడానికి మాత్రం తలుపు పూర్తిగా మూసేసింది. పాకిస్తాన్ కూడా ఆ ఏడాదే ఆమోదించింది.

ఒప్పందం 1975 మార్చి 26న అమలులోకి వచ్చింది. రెండు నెలలకు, మే 24న, అస్సాంలోని కరీంగంజ్‌లో మన దేశపు చివరి మశూచి కేసు బయటపడింది. మనవాళ్లు పోచమ్మ పోసిందని మొక్కిన ఆ జబ్బును తరిమిన టీకా మందులో కొంత నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో తయారైంది. ఇప్పుడు కుక్క కరిస్తే సూదికి పరుగెత్తేది అక్కడికే. దేశంలో ఎండబెట్టిన మశూచి టీకా తయారుచేసిన నాలుగు సంస్థల్లో అది ఒకటి. క్రిమిని పెంచే నేర్పు రెండు రకాలుగానూ పనికొస్తుందని విద్యార్థులకు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను ఆ భవనం పేరే చెప్పేవాణ్ని.

ఒప్పందంలో పెద్ద లోటు ఒకటి ఉండిపోయింది. చేరిన దేశం మాట నిలబెట్టుకుంటోందా లేదా అని వెళ్లి చూసేవాళ్లు లేరు. ఒప్పంద పత్రాలను భద్రపరిచే బాధ్యత తీసుకున్న మూడు దేశాల్లో సోవియట్ యూనియన్ ఒకటి. 1979 ఏప్రిల్‌లో దాని స్వెర్డ్‌లోవ్‌స్క్ నగరంలో సైనిక కేంద్రం నుంచి ఆంత్రాక్స్ గాలిలో కలిసి అరవై మందికి పైగా చనిపోయారు. చెడిన మాంసం తిని చనిపోయారని అన్నారు. సైన్యమే కారణమని 1992లో యెల్త్సిన్ ఒప్పుకునేదాకా పదమూడేళ్లు ఆ అబద్ధమే నడిచింది.

ఆ లోటు పూడ్చడానికి సభ్యదేశాలు జెనీవాలో ప్రత్యేకంగా సమావేశమయ్యాయి. ఎప్పుడో తెలుసా? 1994 సెప్టెంబరు 19 నుంచి 30 దాకా. ఆ తేదీలు చదివినప్పుడు పుస్తకం మూసి బయటికొచ్చి నిలబడ్డాను. మా తమ్ముడు మెట్ల కింద కూర్చున్న ఆదివారం ఆ రెండు తేదీల మధ్యలోదే. చౌరస్తాలో ఆ మనిషి నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగల వ్యవస్థ కావాలని అదే వారం అక్కడ సభ్యదేశాలు మాట్లాడుకుంటున్నాయి. హంగరీ దౌత్యవేత్త టిబోర్ తోత్ అధ్యక్షతన ఏళ్ల తరబడి తనిఖీ నియమాల ముసాయిదా రాశారు. 2001 జూలైలో అమెరికా వద్దంది, పని అక్కడే ఆగిపోయింది. ఆ అక్టోబరు, నవంబరు నెలల్లో అమెరికాలోనే ఆంత్రాక్స్ పొడి పెట్టిన ఉత్తరాలు ఐదుగురి ప్రాణం తీశాయి.

పై నుంచి దారి మూసుకుపోయాక పని ఇరుగుపొరుగు దేశాల మధ్య మొదలైంది. లాటిన్ అమెరికా ముందే దారి చూపింది: 1991 సెప్టెంబరులో అర్జెంటీనా, బ్రెజిల్, చిలీ మెండోసా పట్టణంలో, రసాయన ఆయుధాలూ జీవాయుధాలూ తమకు వద్దని కలిసి ప్రకటించాయి. 2006 నుంచి యూరోపియన్ యూనియన్ డబ్బు పెట్టి నైరోబీ, బ్యాంకాక్, సాన్ హోసే, డకార్ లాంటి చోట్ల ప్రాంతీయ సదస్సులు నడిపించింది. చిన్న దేశాలు వెనకబడింది ఆయుధం మీద ఆశతో కాదు. విదేశాంగ శాఖలో పదిమంది, బల్ల మీద వందల కాగితాలు. పక్క దేశపు అధికారి వచ్చి 'మేం చట్టం ఇలా రాసుకున్నాం' అని చూపిస్తే ఆ ఫైలు కదులుతుంది. 2006 ఆఖరుకు సభ్యులు 155, 2016 ఆఖరుకు 178, ఇప్పుడు 185 దాటారు.

మన పక్కనే చూడండి. భూటాన్ 1978లో, బంగ్లాదేశ్ 1985లో, శ్రీలంక 1986లో చేరాయి. నేపాల్ 1972లోనే సంతకం చేసింది, ఆమోదించింది మాత్రం 2016 నవంబరులో. నలభై నాలుగేళ్లు! మయన్మార్‌కు నలభై రెండు పట్టాయి. నేపాల్ చేరడానికి కొద్ది నెలల ముందు ఢిల్లీలో దక్షిణ, ఆగ్నేయాసియా దేశాల సదస్సు జరిగింది. అలాంటి సమావేశాలకు పత్రికల్లో నాలుగు లైన్లు కూడా దక్కవు. నా దృష్టిలో వాటి విలువ చాలా పెద్దది. పశ్చిమాసియాలో ఈ పద్ధతి ఇంకా ఫలించలేదు: ఇజ్రాయెల్ సంతకమే చేయలేదు, ఈజిప్టు, సిరియా 1972లో సంతకం చేసి ఆమోదించలేదు. ఒకరు కదిలితే గానీ మరొకరు కదలరు.

సూరత్ ప్రశ్నలో సగానికి జవాబు మన హైదరాబాద్‌లోనే దొరికింది. 2000 సంవత్సరంలో హబ్సిగూడలోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు శివాజీ, ఆయన సహచరులు ఆ క్రిమి జన్యుపదార్థాన్ని పరీక్షించి అది ప్లేగు బాక్టీరియానే అని తేల్చారు. అది ప్లేగే కాదన్న వాదనలు కూడా ఉన్న రోజులవి. ఆ ప్రయోగశాల వనస్థలిపురం నుంచి గంట దూరం కూడా లేదు. జబ్బు ఏమిటో ఒక్క ప్రయోగశాల చెప్పగలిగింది. ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి చెయ్యైనా ఉందా అని అన్ని దేశాలూ నమ్మేలా చెప్పడానికి అధికారం ఉన్న సంస్థ కావాలి.

తమ్ముడికి జ్వరం రాలేదు. ఎంగిలిపువ్వు బతుకమ్మ నాటికి ఊరికి పోయాడు, ఈసారి ఎవరూ ఆపలేదు. దసరా దాటాక మళ్లీ సూరత్ రైలెక్కాడు.

మన దేశం 2005లో ఇలాంటి ఆయుధాలను నిషేధిస్తూ చట్టం చేసింది, క్రిముల ఎగుమతి మీద నిఘా పెట్టింది. 2025 డిసెంబరులో, ఒప్పందానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా ఢిల్లీలో జరిగిన సమావేశంలో, దీనికి తనిఖీ వ్యవస్థ లేదని విదేశాంగ మంత్రి జైశంకర్ మళ్లీ చెప్పారు. రసాయన ఆయుధాల నిషేధానికి హేగ్‌లో దాదాపు ఐదువందల మంది సిబ్బందితో సంస్థ ఉంది. జీవాయుధాల ఒప్పందానికి జెనీవాలో ముగ్గురితో ఒక చిన్న కార్యాలయం పెట్టాలని 2006లో నిర్ణయించారు. 1994 సెప్టెంబరులో మొదలుపెట్టిన పని ఇంకా పూర్తి కాలేదు. పూర్తి చేయాలని మన దేశం అడుగుతూనే ఉంది. ఆ అడగడం ఆపకూడదు.