చెంచా వెనక అనుమానాలు

పాత ఇంగ్లీషు వెండి చెంచాని తిరగేస్తే కాడ వెనక బియ్యపుగింజంత ముద్రలు నాలుగో అయిదో వరసగా ఉంటాయి. కొనేవాళ్ళు భూతద్దం పెట్టి చూసేది వాటినే. అది స్టెర్లింగా కాదా, ఎప్పటిది, ఎవరు చేశారు అన్నీ అక్కడే తేలతాయి. కానీ ఆ ముద్రలు మనలాంటి కొనుగోలుదార్ల సౌకర్యం కోసం పుట్టినవి కావు. ఒక్కో ముద్ర వెనక ఒక్కో దొంగ, లేదా దొంగ అని అనుమానం పడ్డ మనిషి ఉన్నాడు.

ముందు స్టెర్లింగ్ సంగతి. వెయ్యికి 925 పాళ్ళు వెండి, మిగతాది మామూలుగా రాగి. అచ్చమైన వెండి మరీ మెత్తన, రోజూ వాడే గిన్నెకి పనికిరాదు. ఈ 925 అనే వింత అంకె దశాంశాల్లోంచి వచ్చింది కాదు. ట్రాయ్ పౌండుకి 12 ఔన్సులు, ఔన్సుకి 20 పెన్నీవెయిట్లు, వెరసి 240. అందులో 222 వెండి ఉండాలన్నది నియమం. భాగించి చూడండి, సరిగ్గా 0.925. ఇంగ్లీషు వెండి నాణెం పాళ్ళూ ఇవే. అంటే నాణేలు కరిగిస్తే చెంబు, చెంబు కరిగిస్తే నాణేలు. గొడవలన్నీ ఇక్కడే మొదలయ్యాయి.

మొదటి అనుమానం కంసాలి మీద. 1300లో మొదటి ఎడ్వర్డ్ చట్టం చేసి, పరీక్షలో నెగ్గిన వెండికి చిరుతపులి తల ముద్ర వేయమన్నాడు (చూడ్డానికి అది సింహం మొహమే, పేరు మాత్రం చిరుత). కల్తీ బయటపడితే ఏ కంసాలిదో తెలియాలిగా, అందుకని 1363లో ఎవరి గుర్తు వాళ్ళు వేసుకోమన్నారు.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టం. 1478లో లండన్ గోల్డ్‌స్మిత్స్ హాల్లో జీతమిచ్చి ఒక పరీక్షకుణ్ణి పెట్టారు. సరుకంతా ఆ హాలుకి తెచ్చి ముద్ర వేయించుకోవాలి. హాల్‌మార్క్ అన్న మాట అలా పుట్టిందే. మరి పరీక్షకుడే లంచం తింటే? అందుకని ఏడాదికో అక్షరం. నాసిరకం సరుకు ఎప్పుడు దొరికినా ఆ ఏడు ముద్ర వేసిన బాధ్యుడెవరో పట్టేయొచ్చు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఏ లైను ఎవరు మార్చారో లాగ్ తీసి చూసేది ఇదే పని. ఇవాళ వస్తువు వయసు చెప్పే గుర్తుని అసలు పెట్టింది ఉద్యోగిని పట్టుకోడానికి! లండన్‌లో ఇరవై అక్షరాలతో ఒక చుట్టు. అక్షరం ఒక్కటే చూస్తే చాలదు, దాని రూపం, చుట్టూ ఉన్న చట్రం ఆకారం కూడా చూసుకోకపోతే ఇరవయ్యేళ్ళో నలభయ్యేళ్ళో తేడా వచ్చేస్తుంది.

1544లో నడిచే సింహం వచ్చి చేరింది. ఈసారి అనుమానం సాక్షాత్తూ రాజుగారి మీదే అని చరిత్రకారులు చాలామంది అనుకుంటారు. ఎనిమిదో హెన్రీ తన ఖర్చులకి నాణేల్లో రాగి కలుపుకుంటూ పోయాడు. కొన్నాళ్ళకి వెండి మూడో వంతుకి దిగింది. నాణెం అరిగేకొద్దీ రాజుగారి ముక్కు మీద రాగి బయటపడేది, జనం ఆయనకి ‘ముసలి రాగిముక్కు’ అని పేరు పెట్టారు. నాణెం చెడినా మా గిన్నె చెడలేదని చెప్పడానికే ఈ సింహమన్నమాట.

ఆ తర్వాత అనుమానం జనం మీదకి మళ్ళింది. నాణేల అంచులు కత్తిరించి కరిగించుకుంటున్నారని 1696లో నాణేలన్నీ మళ్ళీ ముద్రించారు. కొత్తవి కూడా చెంబులైపోకుండా 1697లో గిన్నెల వెండి ప్రమాణాన్ని దాదాపు 958కి పెంచి, సింహం బదులు బ్రిటానియా బొమ్మ పెట్టారు. 1720లో స్టెర్లింగ్‌ని మళ్ళీ రానిచ్చారు గానీ ఔన్సుకి ఆరు పెన్నీల పన్ను వేశారు. కొందరు కంసాలులు తక్కువ తెలివైనవాళ్ళా? చిన్న వస్తువుకి ముద్ర వేయించి, ఆ ముక్క కోసి, పెద్ద కూజాకి అతికేసేవాళ్ళు. 1784 నుంచి 1890 దాకా కనబడే రాజు లేక రాణి తల, పన్ను కట్టిన రసీదు.

విలువ కట్టడం వేరే లెక్క. బరువుని 0.925తో గుణించి, ఆ రోజు ధరతో గుణిస్తే కరిగింపు విలువ వస్తుంది. అంతకన్నా దిగదు. కత్తుల పిడుల్లో, కొవ్వొత్తి స్తంభాల అడుగున వేరే పదార్థం నింపి ఉంటుంది కాబట్టి వాటి బరువు నమ్మకూడదు. ఆపైన పలికేదంతా చేసినవాళ్ళ పేరుకి, ముద్రల స్పష్టతకి, వస్తువు ఉన్న స్థితికి. 1761లో సొంత గుర్తు నమోదు చేయించుకున్న హెస్టర్ బేట్‌మన్ అనే ఆవిడ చెంచాకి, అదే బరువున్న అనామక చెంచాకి ధర ఒకటి కాదు. ఇక ఇ.పి.ఎన్.ఎస్. అని ఒక్కో అక్షరాన్ని ఒక్కో చట్రంలో కొట్టి హాల్‌మార్కులా భ్రమింపజేసేది వెండిపూత మాత్రమే. దాని లోపలిది మన ఇళ్ళలో జర్మన్ సిల్వర్ అనే లోహం. రాగి, నికెల్, జింకు తప్ప అందులో వెండి చుక్క లేదు.

ఈ కాపలా అంతా ఇంగ్లండు వరకే. మద్రాసులో పి. ఆర్ అండ్ సన్స్ దొరల టీ కూజాల మీద దేవుళ్ళ బొమ్మలు చెక్కించి ‘స్వామి’ వెండి పేరుతో అమ్మింది. వాటి అడుగున చిరుతా లేదు, సింహమూ లేదు, దుకాణం పేరే ముద్ర. ఆ పేరు నమ్మితే కొన్నట్టు, లేకపోతే గీటురాయి ఉండనే ఉంది.

బ్రిటన్‌లో 1999 నుంచి ఏడాది అక్షరం తప్పనిసరి కాదు, సింహమూ కాదు. సింహం బదులు చట్రంలో 925 అన్న అంకె ఉంటే చాలు.