కోఠీ బ్యాంకు వీధి – ఉత్తర సర్కారుల ఋణానుబంధము

హైదరాబాదు నగరమున కోఠీలోని బ్యాంకు వీధి ప్రసిద్ధమైన ద్రవ్య వ్యాపార స్థానము. దాని చరిత్రను సామాన్యముగా నిజాము రాజధాని చరిత్రలో భాగముగనే పరిగణింతురు. కాని ఆ వీధి పూర్వకథకు కృష్ణకు దక్షిణమున నున్న తెలుగు సీమలతోడను, సర్కారు తీరముతోడను గాఢమైన సంబంధము కలదు. దానిని చూపుట యీ వ్యాసోద్దేశము.

ఈ కథను గురజాలనుండి యారంభింపవచ్చును. నలగామరాజు రాజధానిగా వీరగాథలలో పేర్గాంచిన యీ యూరు పలనాటితోపాటు 18వ శతాబ్ది ఉత్తరార్ధమున ఆర్కాటు నవాబు ఏలుబడిలో నుండెను. ఉత్తర సర్కారులలో చేరినది కాదు. నవాబు మహమ్మదాలీ ఆంగ్లేయులయొద్ద చేసిన యప్పులు లోకవిదితములు. 1801లో కర్ణాటక రాజ్యము కుంపిణీ వశమైనప్పుడు పలనాడును దానితో పోయినది. ఇట్టి యప్పుల యనుభవము గల పార్లమెంటు, అనుమతి లేక ఆంగ్లేయ ప్రజ లెవ్వరును స్వదేశ ప్రభువులకు ఋణము లీయరాదని శాసించెను. ఆ శాసనమునకు పరీక్ష హైదరాబాదున జరిగినది.

కోఠి యనగా పెద్ద భవనము. కిర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా నున్న కాలమున (1798–1805) మూసీకి ఉత్తరమున నారంభమైన రెసిడెన్సీ భవనమును బట్టి ఆ ప్రాంతమున కా పేరు వచ్చినది. దాని చెంతనున్న బజారులు రెసిడెంటు అధికారమునకు లోబడినవి. ధనమునకు రక్షణయు, బాకీ రాబట్టుకొనుటకు అండయు గలచోట షాహుకార్లు చేరుట సహజము. బ్యాంకు వీధికి బీజ మిదియేయని మా యభిప్రాయము.

విలియం పామరు 1814లో స్థాపించిన వ్యాపారసంస్థ యీ పరిసరముననే వర్ధిల్లెను. గవర్నరు జనరలు హేస్టింగ్సు 1816లో దానికి పై శాసనమునుండి మినహాయింపు నిచ్చెను. నిజాము సైన్యపు జీతములకై మంత్రి చందూలాలు దానియొద్ద అప్పులు చేయుచుండెను. 1820లో 60 లక్షల ఋణ మేర్పడెను. రెసిడెంటుగా వచ్చిన మెట్కాఫు దీనిని తీవ్రముగా నెదిరించెను. తుదకు 1823లో బాకీ తీర్చుటకు ఉపాయము దొరకినది.

ఉత్తర సర్కారుల కొఱకు కుంపిణీ నిజామునకు ఏటేట 7 లక్షల పేష్కష్ చెల్లింపవలసి యుండెను. దానిని నిజాము శాశ్వతముగ వదలుకొనెను. ప్రతిగా కుంపిణీ 1,16,66,666 రూపాయలిచ్చెను. నూటికి 6 వంతున ఏటికి 7 లక్షల వడ్డీ తెచ్చు అసలు ఇంతయే. అనగా గంజామునుండి గుంటూరు వరకు గల సీమలపై నిజామునకు మిగిలిన కడపటి హక్కు ఒక వ్యాపారసంస్థ బాకీకై చెల్లిపోయినది. ఆ హక్కు అప్పటికే నామమాత్రమని కొంద ఱనవచ్చును. ఏటేట వచ్చు 7 లక్షలు మాత్రము నామమాత్రము కావు. ఇంత జరిగినను పామరు సంస్థ నిలువలేదు. 1824లో దివాలా తీసెను.

సంస్థ పోయినను స్థానబలము పోలేదు. బెంగాలు బ్యాంకు, 1921లో దానిని కలుపుకొన్న ఇంపీరియల్ బ్యాంకు, 1955లో తద్వారసురాలైన స్టేట్ బ్యాంకు క్రమముగా ఇచ్చట వ్యవహరించినవి. 1933లో రెసిడెన్సీ బజారులు మరల నిజాము వశమై సుల్తాన్ బజారను పేర పరగినవి. 1942లో వ్యవహారము లారంభించిన హైదరాబాదు స్టేట్ బ్యాంకునకు సమీపమందలి గన్‌ఫౌండ్రీ స్థానమయ్యెను. 2017లో అది భారత స్టేట్ బ్యాంకులో లీనమైనది.

ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి కలదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు తరువాతికాలమున తన కేంద్ర కార్యాలయమును సుల్తాన్ బజారునకే తెచ్చుకొనెను. సర్కారులపై నిజాము హక్కు అప్పు క్రింద చెల్లిన నూఱేండ్లకు సర్కారు తీరమున పుట్టిన బ్యాంకు, ఆ యప్పు పుట్టిన తావునకే వచ్చి నిలిచినది. అదియు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది.

కనుక తెలంగాణ, సర్కారు, పలనాటి చరిత్రలను వేఱువేఱు గదులలో నుంచి పరిశోధించుట సరికాదు. రాజ్యముల యెల్లలు వేఱైనను వాని ఋణపత్రము లొక్కచోటనే కలిసియున్నవి.