గోవాడ్ పొయ్యిల నుంచి హాస్టల్ లైను దాకా

పోస్టు పొడుగ్గానే ఉంటది, తీరిక చూసుకొని చదవండి.

మేము చదివిన గుట్ట మీది ఆశ్రమ పాఠశాలకు కొత్త డైనింగ్ హాల్ కడతారంటున్నరు. టేపు పట్టుకొని కొలతలు కూడా తీసుకపోయిన్రు. ఎండాకాలం లోపల పునాది పడొచ్చు. పునాది పడ్డాక ఎవరు చెప్పినా వినేది ఉండదు. అందుకే ఇప్పుడు డిగ్రీ హాస్టల్లో ఉన్న మేము నలుగురం మా తరఫున ఒక ప్లాన్ గీసి ఇద్దామని కూర్చున్నం. గీత గీయబోతే ముందుగాల ఒక సంగతి తేలాల్సి వచ్చింది. ప్లేటు పట్టుకొని లైన్ల నిలబడుడు మన గూడేలకు ఎక్కడి నుంచి వచ్చింది? అంతకుముందు మనోళ్లు వందల మంది ఒక్క చోట కలిసి తినలేదా?

తిన్నరు, ఇప్పటికీ తింటున్నరు. కేస్లాపూర్ నాగోబా జాతరే సాక్ష్యం. పుష్య అమావాస్యకు మెస్రం వంశస్థులు హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు కాలినడకన తెచ్చి, మర్రిచెట్ల కింద బస చేస్తరు. వంట మాత్రం గోవాడ్ లోపలే. గుండ్రటి గోడ, దాని లోపల 22 కితలకు 22 పొయ్యిలు. వచ్చేది వేల మంది. ఒకరి వంట దిగినాక ఇంకొకరు అదే పొయ్యి మీద కుండ ఎక్కిస్తరు. కుండలు సిరికొండ కుమ్మరులు చేసినవి. పొయ్యి ఎవరి కితదో, వంతు ఎవరిదో అందరికీ ఎరుకే. విజిల్ వేసి వరుస పెట్టే మనిషి అక్కడ అక్కర్లేదు. పుష్యమాసంలో మన దిక్కు చలి ఎట్లుంటదో తెలుసు కదా, ఆ గోడ గాలిని ఆపి మంటను నిలబెడుతది. ఇంజనీరు లేని కాలంలో కట్టిన వంటశాల ఇది అని మేము అనుకుంటున్నం. జాతరకు పోయినోళ్లం గుడి చూసి, దర్బార్ చూసి వస్తం. గోవాడ్‌ను ఆ కంటితో చూసినోళ్లు తక్కువ.

రెండోది దండారి. దీపావళి రోజుల్లో ఒక ఊరి దండారి ఇంకో ఊరికి పోతే, ఆ ఊరోళ్లు ఎదురొచ్చి తీసుకపోతరు. రాత్రంతా ఆట, తెల్లారి స్నానాలు, భోజనం. వచ్చినోళ్లు ఎంత మందైనా సరే, పెట్టే బాధ్యత ఊరిది. అతిథి కూర్చుంటడు, ఇంటోళ్లు వడ్డిస్తరు. మార్లవాయి కనకరాజు తాతకు గుస్సాడీ ఆటకు 2021లో పద్మశ్రీ వచ్చిందని అందరం షేర్ చేసుకున్నం. ఆ ఆట వెనుక ఉన్న బంతి భోజనం గురించి మాత్రం ఎవరూ రాయరు.

ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలె. కొందరికి నచ్చకపోవచ్చు. మన పాత బంతి అందరిది కాదు. మన దేవతల కథలు కిక్రి వాయించి పాడే ప్రధాన్లతో, తోటీలతో గోండులు ఒక్క బంతిలో కూర్చోని రోజులు ఉన్నయి. మన ఇళ్లల్ల వంట చేసే చోటికి పైవాళ్లను రానియ్యరు. కొత్త కోడలు అందరి తర్వాత తింటది. కొలాం పిల్ల, ప్రధాన్ పిలగాడు, గోండు పిలగాడు పక్కపక్కన కూర్చొని ఒకే గుండిగలో అన్నం తిన్నది హాస్టల్లోనే. ఆ మాట హాస్టల్‌కు దక్కాలె. పాతదంతా బంగారం, కొత్తదంతా ఇనుము అని రాస్తే అది చరిత్ర కాదు.

ఇగ చదువు దగ్గరికి వద్దాం. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైనాక నిజాం సర్కారు మన గుట్టల్లో ఏం జరుగుతుందో చూడమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గోండుల ఇండ్ల లాంటి గుడిసె వేసుకొని ఉన్నరు. ఇద్దరి సమాధులూ ఆ ఊర్లనే ఉన్నయి. 1943లో అక్కడే గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. అంతో ఇంతో అక్షరం వచ్చిన మన యువకులను వెతికి టీచర్లుగా తయారు చేసిన్రు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చినయి. మాకు ముఖ్యంగా అనిపించింది ఏందంటే, అప్పుడు బడి ఊర్లకు వచ్చింది. పిల్లగాడు పొద్దున బడికి పోయి మధ్యాహ్నం ఇంటికొచ్చి అమ్మ చేతి జొన్న గట్క తింటడు. అట్లాంటి బడికి డైనింగ్ హాల్ అవసరమే లేదు.

ఆశ్రమ పాఠశాల ఆలోచన వేరే దిక్కు నుంచి వచ్చింది. గుజరాత్‌లో ఠక్కర్ బాపా 1922లో భిల్ సేవా మండల్ పెట్టి, భిల్లు పిల్లలను ఒక్క చోట ఉంచి చదివించే పద్ధతి నడిపిన్రు. స్వాతంత్ర్యం తర్వాత ఆ నమూనానే ఆదివాసీ ప్రాంతాలకు వ్యాపించింది. మన దగ్గర 1971లో పి.వి. నరసింహారావు కాలంలో సర్వేల్‌లో మొదటి గురుకులం, ఐదో ప్రణాళికలో గిరిజన ఉప ప్రణాళిక, తర్వాత ఐటీడీఏలు. బడి ఊర్లకు వచ్చుడు తగ్గి, పిల్లలు ఊరు విడిచి బడికి పోవుడు మొదలైంది. మూడో తరగతి పిల్ల, ఎనిమిదేండ్లది, పెట్టె పట్టుకొని గుట్ట దిగుతది. ఆ రోజు నుంచి ఆమెకు ఇల్లు, పొయ్యి, అమ్మ చేతి గంటె అన్నీ హాస్టలే. కానీ బిల్డింగులు వచ్చిన వరుస చూడండి. ముందు గదులు, తర్వాత ఆఫీసు, తర్వాత ప్రహరీ. తినే చోటు అన్నిటి కంటే వెనక. మేము చదివిన చోట పగలు తరగతి, రాత్రి పడక అంతా ఒకే గది. తినుడు వరండాలో, వాన వస్తే మెట్ల మీద.

గిన్నెలోది కూడా మారింది. మన తాతల తిండి జొన్న. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది, చేన్లల్ల జొన్న పోయి పత్తి వచ్చింది, గట్క పండుగ తిండి అయింది. 2015 జనవరి నుంచి హాస్టళ్లకు సన్నబియ్యం. దొడ్డు బియ్యం ముద్ద తిన్న మా అన్నలకు అది ఎంత పెద్ద సంగతో వాళ్లను అడిగితే చెప్తరు. ఉట్నూర్‌లో మన ఆడవాళ్లు చేసే ఇప్పపువ్వు లడ్డూ హాస్టల్ పిల్లలకు చేరింది. అది తిన్నప్పుడు ఇంటి వాసన వచ్చిందని మా చెల్లెలు ఒకామె చెప్పింది. తిండి మీద పోరాడితే ఎంతో కొంత మారుతుంది అనడానికి ఇవి రుజువులు. 2024 చివర డైట్ చార్జీలు 40 శాతం పెంచిన్రు. మూడు నుంచి ఏడో తరగతి దాకా నెలకు 950 నుంచి 1330, పదో తరగతి దాకా 1100 నుంచి 1540, ఇంటర్ నుంచి పైన 1500 నుంచి 2100 రూపాయలు.

ఈ అంకెల్లోనే లైను పుట్టుక ఉందని మా అభిప్రాయం. 1330ని ముప్పై రోజులకు పంచితే చిన్న పిల్లకు రోజుకు 44 రూపాయలు. తలకు ఇంత బియ్యం, ఇంత పప్పు, ఇంత నూనె. హాజరు ఎంతనో దాని ప్రకారం స్టోర్ రూం తాళం తీసి కాంటా పెడతరు. లెక్క తప్పితే జవాబు చెప్పాల్సింది వార్డెన్. అందుకే తలలు లెక్కపెట్టడానికి వీలైన తీరు కావాలె, అదే లైను. ఇది ఎవరో చెడ్డవాళ్లు చేసింది కాదు, పైసల లెక్క నుంచి వచ్చిన అలవాటు. ఆ అలవాటుకు గోడలు కట్టి దాన్నే డైనింగ్ హాల్ అంటున్నం.

దాని నష్టం ఎవరికో చెప్తం. 300 మంది, ఒకే గుండిగ, ఒకే లైను. ఒక్కొక్కరికి 10 సెకన్లు వేసుకున్నా 50 నిమిషాలు. పెద్ద పిల్లలు ముందుకు జొరబడతరు, చిన్నోళ్లు వెనక్కి పోతరు. కూర అడుగంటుతది. ఇంకా ఘోరం, మారు కావాలంటే మళ్లీ వచ్చి లైన్ల నిలబడాలె. తెలుగు సరిగా రాని మూడో తరగతి గోండి పిల్ల, కొలామి పిల్ల మారు అడగడానికి లేచి రాదు. మేము రాలేదు. అట్ల అర్ధాకలితో పండుకున్న రాత్రులు మాలో ప్రతి ఒక్కరికీ ఉన్నయి. బియ్యం కరువై కాదు, లేచి పోయి అడగలేక.

అందుకని మా కాగితం మీద లైను లేదు, బంతి ఉంది. 150 మంది ఒక దఫా. మనిషికి రెండు అడుగుల చొప్పున 25 మంది కూర్చుంటే 50 అడుగుల బంతి. ఎదురెదురుగా రెండు బంతులు, మధ్యలో వడ్డించేవాళ్లు నడవడానికి నాలుగు అడుగులు. అట్లాంటివి మూడు జతలు. ఆకుకు, కాళ్లకు మూడు అడుగులు వేసుకుంటే హాల్ వెడల్పు 30, నడవడానికి ఇంకో ఐదారు అడుగులు. నేల మీద సిమెంటు చలి ఎక్కకుండా జానెడు ఎత్తు అరుగులు. గోవాడ్ లెక్క ఒక్కో బంతికి ఒక పొయ్యి పెట్టలేం, ఒక్కో బంతికి ఒక బగోనె పెట్టొచ్చు. పెద్ద పిల్లలు వంతుల ప్రకారం వడ్డిస్తరు, చివర తింటరు. తలల లెక్క కూడా చెడదు, బంతికి 25 అంటే చూడంగానే తెలుస్తది.

గాలి సంగతి మీద మేము ఎక్కువసేపు కొట్లాడుకున్నం. చలికాలంలో తిర్యాణి, సిర్పూర్-యు దిక్కు ఆరు డిగ్రీల దాకా పడిపోతది. అప్పటి గాలి ఈశాన్యం నుంచి, కాబట్టి ఉత్తరం గోడ మూసుడే. తూర్పు, దక్షిణం తెరిచి ఉంచితే పొద్దున అల్పాహారం టైముకు ఎండ లోపలికి వస్తది. వానాకాలం గాలి నైరుతి నుంచి, అందుకే పడమర చూరు కిందికి దిగాలె. వంటశాల ఈశాన్యంలో పెట్టినా నైరుతిలో పెట్టినా ఏదో ఒక కాలం పొగ పిల్లల కళ్లల్లోకే. మిగిలింది ఆగ్నేయం మూల. వాస్తు చెప్పేటోళ్లూ అదే మూల అంటరట, మాది మాత్రం పొగ లెక్క. నల్లాలు రెండు ఎత్తుల్లో, చిన్నోళ్లకు రెండు అడుగుల మీద.

ఇంకోటి, ఇది ప్రభుత్వ ప్లాన్లలో మేము ఎక్కడా చూడలేదు. అంగడి రోజు, ఆదివారం మన అమ్మానాన్నలు గుట్టలు దాటి నడిచి వస్తరు. గేటు బయట మట్టిలో కూర్చొని, మూట విప్పి, పిల్లకు రొట్టె తినిపించి పోతరు. దండారి వస్తే ఎదురేగే మన ఊర్లల్ల మన తల్లికి మన బడిలో కూర్చునే చోటు లేదు. వాళ్లకు అన్నం పెట్టాలంటే డైట్ లెక్క ఒప్పుకోదు, అది తెలుసు. హాల్ తూర్పు పక్కన పదిమంది కూర్చునే నీడ అరుగు, ఒక నల్లా పెట్టడానికి ఏ లెక్కా అడ్డం రాదు.

ఇప్పుడు ఒక చిక్కు ఉంది. ఆ స్థలంలో పెద్ద ఇప్పచెట్టు ఉంది. తీసుకపోయిన కొలతల ప్రకారం తూర్పు గోడ దాని మీదికే వస్తది. హాల్‌ను పడమరకు ఎనిమిది అడుగులు జరిపితే చెట్టు ఉంటది, అమ్మానాన్నల అరుగు దాని నీడలోకి వస్తది. కానీ పడమర నేల వాలు ఉంది, పునాది లోతు పోవాలె, ఖర్చు పెరుగుతదేమో. సివిల్ చదివిన అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే ఈ ఆదివారం లోపల కాగితం చూసి చెప్పండి. సోమవారం మేము నలుగురం ఊరి పటేల్‌ను తీసుకొని ఆఫీసుకు పోతున్నం.