అలైన్‌మెంట్: దారంతో మొదలైన మాట

హైదరాబాద్ కొత్తపేటలో ఈ మాట రెండు చోట్ల వినిపిస్తుంది. పేపర్లో అలైన్‌మెంట్ అంటే మెట్రో లేదా రోడ్డు వెళ్లే దారి. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా మొదలైన రైలు మార్గం అలాంటిదే. టైర్ల షాపులో మాత్రం అది చక్రాల కోణాల సంగతి.

రెండింటికీ మూలం ఒకటే. ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌కు చేరిన ఈ మాట లాటిన్ ‘లీనియా’ నుంచి వచ్చింది. లీనియా అంటే అవిసె నారతో పేనిన దారం. నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఏమిటంటే, కంప్యూటర్ యంత్రాలు రాకముందు మెకానిక్కులు చక్రాల పక్కన దారం లాగి కట్టే కొలతలు తీసేవారు. ఇప్పటికీ తీసేవారున్నారు.

చక్రాల అలైన్‌మెంట్‌లో చూసేవి ముఖ్యంగా మూడు. ‘టో’ అంటే కాలివేళ్లు. నడిచేటప్పుడు పాదాల్లాగే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం. ఇది సరిగ్గా లేకపోతే టైరు దొర్లుతూనే పక్కకు రాసుకుని త్వరగా అరుగుతుంది. ‘క్యాంబర్’ అంటే వంపు. చక్రం పైభాగం లోపలికో బయటికో ఒరగడం. ఎక్కువైతే టైరును ఒక అంచునే తినేస్తుంది. ‘క్యాస్టర్’ అంటే చక్రం స్టీరింగ్‌తో తిరిగే అక్షం ముందుకో వెనక్కో ఒరగడం. అది సరిగ్గా ఉంటే మలుపు దాటాక స్టీరింగ్ తనంతట తానే నేరుగా వస్తుంది.

బండి ఒక పక్కకు లాగితే, టైర్లలో గాలి సరిచూసుకున్నాక, అలైన్‌మెంట్ అడగండి. వేగంలో స్టీరింగ్ వణికితే మాత్రం అడగాల్సింది సాధారణంగా బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమంగా సర్దడం.