బాతుల కోసం వేసిన గట్లు

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో మనవాళ్లు ఎవరొచ్చినా ఘనా పక్షుల ఉద్యానం చూపించమంటారు. చూసి, "ఎంత సహజంగా ఉందండీ!" అంటారు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో స్థిరపడి చాలా ఏళ్లయింది కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను: ఇందులో సహజమైనది ఆ పల్లం ఒక్కటే. నీళ్లు కాలవ తవ్వి తెచ్చినవి. గట్లు వేయించినవి. తూములు పెట్టించినవి. గూళ్లతో నిండిపోయే తుమ్మచెట్లలో కూడా చాలావరకు నాటినవే. 29 చదరపు కిలోమీటర్ల ఈ కేవలాదేవ్ ఉద్యానంలో నీళ్లు నిలిచే మూడోవంతు భాగాన్ని ఈ రూపానికి తెచ్చింది పక్షుల మీద ప్రేమ కాదు, బాతుల్ని కాల్చాలన్న సరదా.

భరత్‌పూర్ గంభీర్, బాణగంగ నదుల వరద దారిలో ఉంది. 18వ శతాబ్దంలో రాజు సూరజ్‌మల్ ఊరి రక్షణకు అజాన్ బంధ్ అనే కట్ట కట్టించాడు. ఆ నీళ్లు చేరే పల్లంలో పశువులు మేసేవి, వానాకాలంలో పక్షులు దిగేవి. 19వ శతాబ్దం చివర, భరత్‌పూర్ రాజ్య వ్యవహారాలు చూస్తున్న మోర్వీ రాజకుటుంబీకుడు హర్‌భామ్‌జీ ఇంగ్లండులో బాతుల వేట చూసి వచ్చి, అలాంటిది ఇక్కడ ఎందుకు ఉండకూడదనుకున్నాడు. కాలవలు, గట్లు, తూములు అప్పటి నుంచి మొదలు. 1902లో వైస్రాయ్ కర్జన్ వచ్చి తొలి పెద్ద వేట ఆడాడు.

అడవి బాతును ఒక చెరువుకు అలవాటు చేయడం బ్రహ్మవిద్య కాదు గానీ, దానికి చాలా ముందుచూపు కావాలి. బాతులు వచ్చేది అక్టోబరులో. పని జులైలోనే మొదలవ్వాలి. వానలకు బంధ్ నిండాక తూము ఎత్తి నీళ్లు వదులుతారు. ఎండిన నేలలో తుంగ, గడ్డి, అడవి వరి మొలకెత్తి, నీళ్లతో పాటు పైకి పెరిగి, గింజ నీళ్లలోనే రాలాలి. లోతు ఎక్కువైతే ప్రయోజనం లేదు. సూదితోక బాతును ఇక్కడ సీంఖ్‌పర్ అంటారు. అది తల నీళ్లలో ముంచి, తోక ఆకాశానికెత్తి, మెడంతా చాచినా దాని ముక్కు అందేది మూరెడు లోతుకే. అక్కడి బురదలో ఉన్న గింజలు, దుంపలు తింటుంది. వెడల్పు ముక్కు బాతుకు అంత కష్టం కూడా అక్కర్లేదు, పైనీటిని వడకట్టుకుంటూ పోతుంది. మునిగి మేసే రకాలకు మాత్రం కాస్త లోతు నీళ్లుండాలి. అందుకే చెరువు అంతా ఒకే లోతున ఉంటే ఒకటి రెండు జాతులే వస్తాయి. ఎత్తుపల్లాలుంటే అన్నీ దిగుతాయి.

మేతకు వచ్చినవి నిలవాలంటే అలికిడి ఉండకూడదు. బాతులు చాలావరకు రాత్రి మేసి, పగలు విశాలమైన నీటి మీద గుంపులుగా కునుకు తీస్తాయి. ఆ నిద్ర పదేపదే చెడితే మరో చెరువు చూసుకుంటాయి. కాబట్టి మంచి వేట చెరువుకు మొదటి నియమం అక్కడ వేట ఆడకపోవడమే! ఏడాదంతా కాపలా కాసి, కొన్ని రోజులు మాత్రమే తుపాకీ ఎత్తాలి.

ఇక గట్ల సంగతి. ఇవాళ మనం రిక్షాలో తిరిగే దారులు నీళ్లను మడులుగా విడదీసిన ఆ గట్లే. ఒక మడిలో తుపాకులు పేలితే వేల బాతులు ఒక్కసారిగా లేస్తాయి. పక్క మడి మీదికి పోతే అక్కడా ఒక వరుస తుపాకులు. వలస వచ్చి కుదురుకున్న పక్షి మేతచోటును అంత తేలిగ్గా వదలదు; తిరిగి తిరిగి అవే గట్ల మీదుగా ఎగురుతుంది. ఆ మొండితనమే దాని చావు.

కేవలాదేవ్ గుడి దగ్గర ఈ వేటలన్నీ రాతి మీద ఇంగ్లీషులో చెక్కి ఉన్నాయి. తేదీ, ముఖ్య అతిథి, పడ్డ పక్షులు, తుపాకులు అన్నీ కిరాణా కొట్టు పద్దుల్లా వరుసగా కనిపిస్తాయి. 1916లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చినప్పుడు నాలుగు వేలు దాటాయి. 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్క రోజులో కాల్చినవి 4,273. ఎనిమిది గంటలు ఆపకుండా కాల్చారనుకున్నా నిమిషానికి దాదాపు తొమ్మిది. నడుము లోతు నీళ్లలో దిగి వాటిని ఏరిన కూలీల ప్రస్తావన ఆ రాతి మీద లేదు. గుండు తగిలి తుంగలోకి దూరి తర్వాత చచ్చినవీ అందులో లేవు.

మా బామ్మర్ది ఆ రాయి ముందు చాలాసేపు నిలబడ్డాడు. మాది కైకలూరు వైపు. "బావా, మన కొల్లేట్లో పరజ బాతుల్ని వలేసి పట్టి అమ్మేవాళ్లు, అదంటే కడుపు కోసం. వీళ్లు ఇన్నీ తిన్నారా?" అన్నాడు. తినడం కోసమైతే వందతో సరిపోయేది. భరత్‌పూర్ 17 తుపాకుల వందనం ఉన్న సంస్థానం. వైస్రాయ్ మెచ్చుకుంటే రాజుగారి పనులు చక్కబడతాయి. ఇక్కడ బాతు అంటే మర్యాదలో భాగం, రాజకీయంలో పెట్టుబడి.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ నీళ్లు పొలాలకు ఇవ్వాలన్న ఒత్తిడి వచ్చింది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నెహ్రూ దాకా వెళ్లి అడ్డుపడ్డాడు. 1956లో పక్షుల అభయారణ్యం అయింది, అయినా మహారాజు వేట హక్కు 1972 దాకా సాగింది. అభయారణ్యంలో హక్కుతో వేట ఆడటం వింటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ హక్కు ఉన్నంతకాలం నీళ్లు వదిలించే ఒక పెద్దమనిషి ఉన్నాడన్నది కూడా నిజం.

నా లెక్కలో ఈ చరిత్రలో మహారాజు కన్నా గేదె ముఖ్యం. జటోలీ, అఘాపూర్ లాంటి చుట్టుపక్కల ఊళ్ల గేదెలు తరతరాలుగా ఈ మడుల్లో మేసేవి. జాతీయ ఉద్యానంగా ప్రకటించాక 1982లో మేత నిషేధించారు. ఊళ్లవాళ్లు తిరగబడ్డారు, పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. ఆ తర్వాత జరిగింది అధికారులు ఊహించనిది: తినేవాడు లేక పాస్పలం అనే నీటిగడ్డి మడుల్ని కప్పేసింది. బాతుకు కావలసిన తెరిచిన నీరు తగ్గింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్లు పదేళ్లు పరిశీలించి, గేదెలు చేసిన మేలును కాగితం మీద పెట్టారు. పశువుల కాపర్లు దీన్ని మొదటి ఏడాదే చెప్పారు, అడిగినవాళ్లు లేరు. తర్వాత గడ్డి కోసుకోవడానికి ఊళ్లవాళ్లకు అనుమతులు ఇచ్చారు. ఎక్కడపడితే అక్కడ పెరిగిన సర్కారు తుమ్మ పీకడానికి కూడా వాళ్లనే పిలవాల్సి వచ్చింది.

సైబీరియా కొంగలు 2002 తర్వాత రావడం మానేశాయి. దానికి ఘనా ఒక్కటే కారణం కాదు; అఫ్గానిస్థాన్ మీదుగా వచ్చే దారిలో వాటిని వేటాడేవారు. కానీ నీళ్ల కరువు మాత్రం ఇక్కడిదే. గంభీర్ మీద కరౌలీ జిల్లాలో పాంచనా ఆనకట్ట వచ్చాక అజాన్ బంధ్‌కు నీళ్లు చేరడం వానదేవుడి చేతిలోంచి మనుషుల చేతిలోకి వచ్చింది. గోవర్ధన్ డ్రెయిన్ నుంచి, చంబల్ నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చి లోటు కొంత పూడ్చారు. బాతుకు పైపు నీళ్లయినా పర్లేదు, గింజ మొలిస్తే చాలు. ఎర్రకాళ్ల కొంగలకు, నీటికాకులకు అలా కుదరదు. పిల్లల్ని పెంచాలంటే వాటికి చేపపిల్లలు కావాలి, అవి ఎక్కువగా గంభీర్ వరదతో వస్తాయి. పాంచనా కింద ఉన్న రైతుకూ అవే నీళ్లు కావాలి, అతని మాటలోనూ న్యాయం లేకపోలేదు. ఈ ఏడు ఎంత వదులుతారో ఆగస్టు వస్తే గాని తేలదు.