వెనక ముద్ర ఉంటే అసలుదేనా?

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా బాబాయి ట్రంకు పెట్టెలోంచి ఒక ఇత్తడి టోపీ బ్యాడ్జీ తీసి నా చేతిలో పెట్టాడు. ముందువైపు హైదరాబాద్ రెజిమెంట్ అని ఇంగ్లీషు అక్షరాలు. "ముందు కాదురా, వెనక చూడు" అన్నాడు. వెనక చిన్న అక్షరాల్లో 'జె. ఆర్. గాంట్, లండన్' అని ఉంది. "ప్రతిదానికీ రుజువేదీ అంటావు కదా. ఇదిగో. లండన్‌లో చేసింది. మీ తాతయ్యది."

తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్ళొచ్చాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. హైదరాబాద్ రెజిమెంటులో పోరాడాడన్నది ఆ కథలో భాగమే. బాబాయి కొడుకు, అంటే మా తమ్ముడు, ఆ బ్యాడ్జీని పట్నంలో పాత సామాన్లు కొనే ఒకాయనకు చూపిస్తే, వెనక ముద్ర ఉంది కాబట్టి అసలుదేనని చెప్పి మంచి ధరే పలికాడట. బాబాయికి అమ్మే ఉద్దేశం లేదు. తాతయ్య ఫోటో పక్కన ఫ్రేము కట్టించి ముందు గదిలో పెడదామని ఆశ. నేను కొన్నేళ్ళుగా ఇలాంటివి సేకరిస్తున్నాను కనుక నా చేత అవుననిపించుకోవాలనుకున్నాడు.

ఒక హేతువాదికి ఇంతకన్నా ఇబ్బందికరమైన పరీక్ష ఉండదు. ఊళ్ళోవాళ్ళ నమ్మకాల్ని ప్రశ్నించడం తేలికే. సొంత తాతయ్య దగ్గరికొచ్చేసరికి నోరు పెగలదు.

ముందు ఈ ముద్ర సంగతి చూద్దాం. బ్రిటిష్, భారతీయ సైన్యాల బ్యాడ్జీలు, బొత్తాలు చాలాభాగం బర్మింగ్‌హామ్, లండన్ కంపెనీలు చేసేవి. గాంట్, ఫర్మిన్ లాంటి పేర్లు సేకరించేవాళ్ళందరికీ తెలుసు. కొన్నిటి వెనక కంపెనీ పేరు వేసేవారు. మామూలు సిపాయిల బ్యాడ్జీలు ఎన్నిటికో ఏ పేరూ ఉండదు. కాబట్టి ముద్ర లేనంత మాత్రాన నకిలీ అనడానికి వీల్లేదు. ఇంతవరకు పేచీ లేదు.

పేచీ అచ్చుల దగ్గర వస్తుంది. బ్యాడ్జీని ఉక్కు అచ్చుల మధ్య రేకు పెట్టి కొడతారు. యుద్ధం అయిపోతుంది, రెజిమెంటు రద్దవుతుంది, సిపాయి ఇంటికొస్తాడు, అచ్చు మాత్రం కంపెనీ బీరువాలో భద్రంగా ఉంటుంది. సేకరించేవాళ్ళు పెరిగి గిరాకీ వచ్చాక పాత అచ్చులతోనే మళ్ళీ కొట్టడం మొదలైంది. ఇలా కొట్టిన వాటిలో గాంట్ పేరున్నవి ఎన్నో ఉన్నాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు ఆ పేరు కనబడగానే సంతోషించరు, ఇంకోసారి పరీక్షగా చూస్తారు. అచ్చు నిజమైనదే కావచ్చు, కంపెనీ పేరూ నిజమే కావచ్చు, వయసు మాత్రం అబద్ధం. ఇక అచ్చు కూడా అక్కర్లేకుండా అసలు బ్యాడ్జీ నుంచే మూస తీసి పోత పోసేవాళ్ళున్నారు. ఆ పోతలో కంపెనీ పేరు కూడా దిగిపోతుంది. లోహం చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది కనుక నకలు అసలుకన్నా పిసరంత చిన్నదవుతుంది, భూతద్దంలో చూస్తే సన్నని గుంటలు కనబడతాయి. అక్కడ వెనక రాసిన పేరుకన్నా కొలబద్ద ఎక్కువ నిజం చెబుతుంది.

జర్మనీ పతకాల కథ ఇంకా విచిత్రం. 1941 నుంచి అక్కడ పతకాలు చేసే కంపెనీల సంఘం దుకాణాల్లో అమ్మే వాటికి ఎల్ అక్షరంతో ఒక అంకె వేయించేది. వియన్నాలోని రుడాల్ఫ్ సూవాల్ కంపెనీది ఎల్/58. హిట్లర్ పోయాడు, నాజీ రాజ్యం పోయింది. సూవాల్ మాత్రం ఆ తర్వాత కూడా సేకరించేవాళ్ళ కోసం స్వస్తికతో సహా పతకాలు చేసి అమ్మింది. అదే కంపెనీ, అదే ముద్ర! 1957లో పశ్చిమ జర్మనీ చట్టం చేసి, స్వస్తిక తీసేస్తే పాత సైనికులు తమ పతకాలు పెట్టుకోవచ్చంది. యుద్ధకాలంలో పతకాలు చేసిన లూడెన్‌షైడ్‌లోని స్టైన్‌హౌవర్ ఉంట్ లూక్ కంపెనీయే ఈ కొత్తవీ చేసింది.

మరి ముద్రకు విలువే లేదా అంటే, ఉంది. మనవాళ్ళు అనుకునే వైపు కాదు, దానికి ఎదురు వైపు. పోలండ్ యుద్ధం అయ్యాక 1939లో చేతికిచ్చిన పతకం అంటూ ఎవరైనా ఎల్ అంకె ఉన్నది చూపిస్తే, ఆ మాట అక్కడే వీగిపోతుంది, ఎందుకంటే ఆ అంకె పద్ధతి అప్పటికి పుట్టనే లేదు. (ఆ సైనికుడే తర్వాత దుకాణంలో ఇంకోటి కొనుక్కుని ఉండవచ్చు, అది వేరే కథ.) అదే అంకె లేని పతకం చూపిస్తే 1939దని రుజువవుతుందా? కాదు. ముద్ర ఒక అబద్ధాన్ని పట్టించగలదు. నిజానికి సాక్ష్యం చెప్పాలంటే దానికి ఇంకొకరి తోడు కావాలి.

ఆ తోడు ఎలాంటిదో వెండి బ్యాడ్జీల్లో కనబడుతుంది. బర్మింగ్‌హామ్‌లో 1773లో వెండిని పరీక్షించే కార్యాలయం పెట్టారు. దాని గుర్తు లంగరు. లంగరు పక్కన ఏటేటా మారే ఒక అక్షరం ఉంటుంది. చేసినవాడు తన గురించి తాను వేసుకున్న ముద్ర వేరు, ఆ సరుకుతో లాభం లేని మూడోవాడు పరీక్షించి సంవత్సరంతో సహా వేసిన ముద్ర వేరు. మన బంగారం కొట్టువాడి మాట నమ్మక హాల్‌మార్కు చూసేదీ ఇందుకే. ఆఫీసర్లు పెట్టుకున్న వెండి బ్యాడ్జీలకు ఈ సౌకర్యం ఉంది. ఇత్తడికి లేదు.

ఇప్పుడు మా ఇంటి బ్యాడ్జీ. అంచులు పదునుగా ఉన్నాయి, వెనక కొక్కేలకు అరుగుదల లేదు. దాన్నిబట్టి నేను తీర్పు చెప్పలేదు, పెట్టెలో దాచిందైనా అలాగే ఉండొచ్చు. నన్ను ఆపింది ముద్ర కాదు, ముందువైపున్న పేరు. నిజాం సొమ్ముతో ఆంగ్లేయులు నడిపిన హైదరాబాద్ కంటింజెంటు వారసత్వంగా 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంటు ఏర్పడింది. పేరు హైదరాబాదే గాని, రెండో యుద్ధం నాటికి అందులో ముఖ్యంగా కుమావోనీలు, అహీర్లు, జాట్లు ఉండేవారు. అందుకే 1945 అక్టోబరు 27న దాని పేరు కుమావ్ రెజిమెంటుగా మార్చారు. కృష్ణా జిల్లా రైతుబిడ్డ అందులో చేరి ఉండడం అసాధ్యం అనను, అరుదు అంటాను. అంటే ఈ బ్యాడ్జీ 1940లో గాంట్ చేతి మీదుగా వచ్చిన సాక్షాత్తు అసలుదే అనుకున్నా, తాతయ్య పెట్టుకున్నాడన్నది తేలదు. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎవరు పెట్టుకున్నారు అన్నవి మూడు ప్రశ్నలు. ముద్ర మహా అయితే మొదటిదానికి జవాబు చెబుతుంది. మనం మూడోదానికి కూడా దాన్నే వాడేస్తాం.

"పెట్టెలో ఇంకేమైనా ఉన్నాయా బాబాయ్?" అని అడిగాను. అడుగున పాత పంచెల కింద ఒక డిశ్చార్జి కాగితం, ఒక గుడ్డమూటలో పతకం దొరికాయి. పతకం యుద్ధంలో పనిచేసిన అందరికీ ఇచ్చిన మామూలు వార్ మెడల్. ఒకవైపు ఆరో జార్జి తల, ఇంకోవైపు డ్రాగన్ మీద నిలబడ్డ సింహం. దాన్ని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు, లండన్ పేరు లేదు కదా. రెండో యుద్ధం పతకాలను బ్రిటిష్ ప్రభుత్వం తన సైనికులకు పేరు వేయకుండానే పంచింది. భారతీయ సైనికులవాటికి మాత్రం సాధారణంగా పేరు కొట్టించి ఇచ్చారు. మూట విప్పి పతకం అంచు తుడిచాను. నంబరు, తాతయ్య పేరు, చివర రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ అని పొడి అక్షరాలు. కాగితంలో ఉన్నదీ అదే నంబరు. ఉద్యోగం, డ్రైవరు.

బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. "అయితే నాన్న పోరాడలేదంటావా?" అన్నాడు.

"బర్మాకు లారీ తోలాడు బాబాయ్. తిండీ గుండ్లూ ఆ లారీల్లోనే కదా వెళ్ళాయి."

నంబరు ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. తన కళ్ళజోడు తెచ్చుకుని తనే మళ్ళీ చదువుకున్నాడు. బ్యాడ్జీ పెట్టెలోకి ఎలా వచ్చిందో అని అడగలేదు, నేనూ ఎత్తలేదు. తమ్ముడు మాత్రం పతకం చేతిలోకి తీసుకుని, దీనికి ఎంతొస్తుందని అడిగాడు. ఇలాంటివి లక్షల్లో ఇచ్చారు, ఆ బ్యాడ్జీకి చెప్పిన దాంట్లో పదో వంతు కూడా రాదన్నాను.