అద్దం మీది ద్రాక్ష తీగ

మ్యూనిక్‌లోనో మిలాన్‌లోనో కారు అద్దెకు తీసుకుని ఆల్ప్స్ చూడబోయే మనవాళ్లు స్విట్జర్లాండ్ హైవే ఎక్కగానే టోల్ గేటు కోసం వెతుక్కుంటారు. సంక్రాంతికి పంతంగి టోల్ ప్లాజా దగ్గర బారులు తీరిన అలవాటు మరి. అక్కడ గేటు లేదు. సుంకం మాత్రం ఉంది. కారు అద్దానికి లోపలి వైపు అంటించే చిన్న బిళ్ల అది. పేరు విన్యెట్.

ఫ్రెంచిలో ఆ మాటకు చిన్న ద్రాక్ష తీగ అని అర్థం. పూర్వం పుస్తకాల్లో అధ్యాయాల మొదట, చివర వేసే తీగల బొమ్మలకు ఆ పేరు వచ్చింది. పోనుపోను అదే పేరు పన్ను బిళ్లలకూ పాకింది. 1956లో వృద్ధుల సహాయనిధి కోసం ఫ్రాన్సు కార్లపై వేసిన పన్నునూ విన్యెట్ అనే పిలిచారు.

ఇక స్విస్‌లో గేటు ఎందుకు లేదంటే, ప్రజల రోడ్డు మీద నడవడానికి రుసుము ఉండకూడదని వాళ్ల రాజ్యాంగమే చెబుతుంది. మినహాయింపు ఇవ్వాలంటే పార్లమెంటు ఒప్పుకోవాలి. అందుకే దాదాపు 17 కిలోమీటర్ల గొట్‌హార్డ్ సొరంగాన్ని 1980లో తెరిచినా దానికి టోల్ పెట్టలేదు. హైవేలకు డబ్బు మాత్రం కావాలి. ఏడాదికో విన్యెట్ పెడదామా అని జనాన్నే అడిగారు. 1984 ఫిబ్రవరి 26న జరిగిన ఓటింగులో దాదాపు 53 శాతం మంది సరేనన్నారు. 1985 జనవరి 1 నుంచి ఏడాదికి 30 ఫ్రాంకులు. 1995లో 40 అయింది. 2013లో 100 చేస్తామంటే జనం కుదరదన్నారు. ఇప్పటికీ 40 ఫ్రాంకులే. రోడ్డు ధరను వాడేవాళ్లే తేల్చడం నాకు ఎంతో నచ్చిన సంగతి.

బిళ్ల తయారీలోనూ కిటుకుంది. ఒకసారి అంటించాక ఊడదీస్తే చిరిగిపోతుంది, ఇంకో కారుకు పనికిరాదు. టేపుతో అతికించినా, అంటించకుండా జేబులో ఉంచుకున్నా చెల్లదు. దొరికితే 200 ఫ్రాంకుల జరిమానా, పైగా కొత్త బిళ్ల కొనాలి. ముందు ఏడాది డిసెంబరు 1 నుంచి తర్వాతి ఏడాది జనవరి 31 దాకా, అంటే 14 నెలలు చెల్లుతుంది.

నాలుగు రోజులకు వెళ్లేవాళ్లు కూడా ఏడాది మొత్తానికి కట్టాల్సిందే. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. 1997లో విన్యెట్ మొదలుపెట్టిన ఆస్ట్రియా పది రోజులకూ అమ్ముతుంది, ఈమధ్య ఒక్క రోజుకూ ఇస్తోంది.

2023 ఆగస్టు 1 నుంచి స్విస్‌లో ఈ-విన్యెట్ కూడా వచ్చింది. దాన్ని కారు నంబరుకే ముడివేస్తారు, అద్దానికి అంటించే పని లేదు. అంటించే బిళ్ల కూడా ఇంకా అమ్ముతున్నారు. స్విస్‌లో అద్దెకిచ్చే కార్లకు విన్యెట్ మామూలుగా ఉండనే ఉంటుంది. మిలాన్‌లో తీసుకున్న కారైతే మాత్రం కియాసో సరిహద్దు దాటకముందే ఒకసారి అద్దం వైపు చూసుకోవాలి.